అభిమాని పుస్తకంలో రెండు పుటలు

జనవరి రాగానే అమెరికాలో ఫుట్‌బాల్ అభిమాని రెండు జాబితాలు రాసుకుంటాడు. ఆ నెలలో మొదలయ్యే ప్లేఆఫ్ పోటీల్లో ఏ జట్టు ఎవరిని ఓడిస్తుందో మొదటిదాంట్లో ఉంటుంది. గడచిన ఏడాదిలో తన మనసుకు హత్తుకున్న ర్యాప్ గీతాల వరస రెండోదాంట్లో ఉంటుంది. పైకి చూస్తే రెండూ కాలక్షేపమే. కానీ ఆ అభిమాని రెండింటినీ ఒకే పుటలో రాయడు. గెలిచేది ఒక పుట, నచ్చింది మరో పుట. ఈ చిన్నపాటి విభజనను పాటించలేకపోవడమే నేటి రాజకీయ వ్యాఖ్యానానికి పట్టిన పెద్ద జబ్బు.

మొదటి పుట సంగతి ముందుగా చూడాలి. అమెరికన్లు ఫుట్‌బాల్ అని పిలిచే ఆట ప్రధానంగా చేతులతో ఆడేది. ఆ దేశపు జాతీయ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు ఉన్నాయి. 2020 సీజన్ నుంచి వాటిలో 14 జట్లు ప్లేఆఫ్‌లకు చేరుతున్నాయి. సూపర్ బౌల్‌తో కలిపి మొత్తం 13 ఆటలు. ఒక్కసారి ఓడితే ఇంటికే. ఐపీఎల్‌లో మొదటి రెండు స్థానాల జట్లకు దక్కే రెండో అవకాశం ఇక్కడ ఎవరికీ లేదు. ప్రతి ఆటకూ రెండే ఫలితాలు అనుకుంటే, 13 ఆటలకు 8,192 రకాల ముగింపులు సాధ్యం. వాటిలో ఒక్కదాన్ని ఎంచుకుని అభిమాని పదిమంది ముందు ప్రకటిస్తాడు. వారం తిరగకుండానే తప్పు బయటపడుతుందని అతనికి తెలుసు. తెలిసే ప్రకటిస్తాడు.

2025 జనవరిలో అదే జరిగింది. డెట్రాయిట్ లయన్స్ 17 ఆటల్లో 15 గెలిచి తమ విభాగంలో అగ్రస్థానంలో నిలిచింది. చరిత్రలో ఒక్కసారి కూడా సూపర్ బౌల్ ఆడని జట్టు అది. కార్ల పరిశ్రమ కుదేలైన నాటి నుంచి నిలదొక్కుకోవడానికి పెనుగులాడిన నగరానికి అదొక భావోద్వేగం. ఆ ఏడాది మనసూ లెక్కా ఒకే దిక్కు చూపుతున్నాయని ఎందరో నమ్మారు. జనవరి 18న సొంత మైదానంలో, తొలి సీజన్ ఆడుతున్న యువ క్వార్టర్‌బ్యాక్ నడిపించిన వాషింగ్టన్ జట్టు చేతిలో లయన్స్ 45-31తో ఓడిపోయింది. డెట్రాయిట్ విజయం ఖాయమని రాసుకున్నవాళ్లు ఆ రాత్రే గీత కొట్టుకోవలసి వచ్చింది. ఆటలో అక్రమం జరిగిందనో, ప్రేక్షకులు మోసం చేశారనో, లెక్క సరైనదే కాని ఫలితమే తప్పనో చెప్పుకునే వీలు వారికి లేకపోయింది.

రెండో పుట స్వభావం వేరు. 2024 ర్యాప్ సంగీతానికి అసాధారణ సంవత్సరం. కేండ్రిక్ లమార్‌కు, టొరంటో గాయకుడు డ్రేక్‌కు మధ్య సాగిన పాటల యుద్ధం మే నెలలో విడుదలైన 'నాట్ లైక్ అస్'తో పతాకస్థాయికి చేరింది. నవంబర్ 22న ముందస్తు ప్రకటన ఏదీ లేకుండానే లమార్ 'జీఎన్‌ఎక్స్' ఆల్బమ్ వెలువరించారు. అక్టోబర్‌లో టైలర్ ద క్రియేటర్ 'క్రోమకోపియా' వచ్చింది. ఫ్లోరిడా గాయని డోచీ ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌కు గ్రామీ గెలుచుకున్నారు. కేరళ మూలాలతో, టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో పెరిగి, బెంగళూరు నుంచి పాడుతున్న హనుమాన్‌కైండ్ 'బిగ్ డాగ్స్'తో అమెరికన్ బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాకెక్కారు. భారతీయ సంతల్లోని మృత్యుకూపం, అంటే బావి గోడల మీద గుండ్రంగా మోటారు సైకిళ్లు నడిపే ఆ సాహసం, ఆ పాట దృశ్యంతో ప్రపంచమంతా తిరిగింది.

ఈ పాటల్లో అభిమాని దేనిని మొదట రాస్తాడన్నది పూర్తిగా అతని ఇష్టం. అమ్మకాల పట్టిక దాన్ని ఖండించలేదు, అవార్డులు దాన్ని నిరూపించలేవు. అందరూ మెచ్చిన పాటను వదిలి, వెయ్యి మంది కూడా వినని పాటను అగ్రస్థానంలో పెట్టే హక్కు అతనికుంది. అయితే కారణం చెప్పాలి. ఆ పదాల పొందిక ఎందుకు నచ్చిందో, ఆ గొంతులో ఏ జీవితం పలికిందో వివరించాలి. మొదటి పుటలో తప్పొప్పుల్ని ఫలితం తేలుస్తుంది. రెండో పుటలో మాటకు విలువ తెచ్చేది తార్కికమైన వివరణ ఒక్కటే.

వాస్తవానికీ అభిప్రాయానికీ మధ్య ఉన్న ఈ గీత న్యాయస్థానం దాకా వెళ్లింది. 'నాట్ లైక్ అస్' తన పరువు తీసిందంటూ డ్రేక్ ఆ పాటను విడుదల చేసిన సంగీత సంస్థపై దావా వేశారు. 2025 అక్టోబర్‌లో న్యూయార్క్‌లోని ఫెడరల్ న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. పాటల యుద్ధంలో విసురుకున్న మాటలను వివేకవంతుడైన శ్రోత వాస్తవ ప్రకటనలుగా స్వీకరించడని, అవి అభిప్రాయాలేనని తీర్పు సారాంశం. సందర్భం తెలిసిన శ్రోతకు ఏది నిందో, ఏది నివేదికో వేరుచేసే శక్తి ఉంటుందని న్యాయమూర్తి నమ్మారు.

రెండు పుటలూ ఎదురెదురుగా నిలిచిన రాత్రి 2025 ఫిబ్రవరి 9. న్యూ ఆర్లియన్స్‌లో సూపర్ బౌల్. ఒకవైపు వరుసగా మూడోసారి విజేత కావాలని బరిలో దిగిన కాన్సాస్ సిటీ చీఫ్స్. అంతకు ముందు ఏ జట్టుకూ దక్కని ఘనత అది. మరోవైపు ఫిలడెల్ఫియా ఈగిల్స్. పదవిలో ఉండగా సూపర్ బౌల్‌కు హాజరైన మొదటి అధ్యక్షుడిగా డొనాల్డ్ ట్రంప్ ఆ రాత్రి ప్రేక్షకుల్లో ఉన్నారు. ఆటకు ముందు ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆయన కాన్సాస్ సిటీ వైపే మొగ్గారు. విరామ సమయానికి ఫిలడెల్ఫియా 24-0 ఆధిక్యంలో ఉంది. చివరికి 40-22తో గెలిచింది. దేశాధినేత అంచనాకైనా, వీధి చివరి అభిమాని అంచనాకైనా స్కోరుబోర్డు ఒకటే.

ఆ విరామంలో వేదికనెక్కినది కేండ్రిక్ లమార్. సోలో ర్యాప్ కళాకారుడు సూపర్ బౌల్ విరామ ప్రదర్శనకు నాయకత్వం వహించడం అదే మొదటిసారి. నల్లజాతి నర్తకులు ఎరుపు, తెలుపు, నీలం దుస్తుల్లో అమెరికా జెండా ఆకారంలో నిలబడ్డారు. నటుడు శామ్యూల్ ఎల్. జాక్సన్ అంకుల్ శామ్ వేషంలో వ్యాఖ్యానం పలికారు. ఆ ప్రదర్శనకు వెనుక మరో చరిత్ర ఉంది. 2016లో శాన్ ఫ్రాన్సిస్కో జట్టు క్వార్టర్‌బ్యాక్ కోలిన్ కాపర్నిక్ జాతి వివక్షకు నిరసనగా జాతీయగీతం వేళ మోకాలిపై కూర్చున్నారు. ఆ సీజన్ ముగిశాక ఏ జట్టూ ఆయనను తీసుకోలేదు. 2019లో అదే లీగ్ ర్యాప్ దిగ్గజం జే-జీ సంస్థతో వినోద ఒప్పందం కుదుర్చుకుంది. 2022లో డాక్టర్ డ్రే బృందంతో హిప్‌హాప్ ప్రదర్శన ఏర్పాటు చేస్తే, ఎమినెమ్ వేదికపై మోకాలిపై కూర్చున్నారు. 2021 నుంచి సూపర్ బౌల్ మైదానం అంచున రాస్తూ వచ్చిన 'జాతి వివక్షను అంతం చేద్దాం' అన్న నినాదం 2025లో కనిపించలేదు. లీగ్ మైదానాల్లో కాపర్నిక్ ఓడిపోయారనడంలో సందేహం లేదు. ఆయన చెప్పింది తప్పని మాత్రం ఆ ఓటమి నిరూపించలేదు. రెండు పుటలు వేరుగా ఉంచుకున్నవారికే ఈ తేడా అర్థమవుతుంది.

ఇక భారత రాజకీయాలకు వస్తే, ఇక్కడ ఆ రెండు పుటలూ ఏనాడో అతుక్కుపోయాయి. 2024 జూన్ 1 సాయంత్రం లోక్‌సభ చివరి దశ పోలింగ్ ముగియగానే ఎగ్జిట్ పోల్స్ వెల్లువెత్తాయి. ఎన్డీయేకు 361 నుంచి 401 స్థానాలని ఒక ప్రముఖ సంస్థ, దాదాపు 400 అని మరొకటి ప్రకటించాయి. జూన్ 3న సెన్సెక్స్ 2,500 పాయింట్లకు పైగా ఎగసింది. జూన్ 4న ఓట్లు లెక్కిస్తే బీజేపీకి 240, కూటమికి 293. ఆ ఒక్కరోజే సూచీ దాదాపు 4,390 పాయింట్లు కుప్పకూలింది. నాలుగు నెలల తర్వాత హర్యానాలో తప్పు మరో దిశలో జరిగింది. కాంగ్రెస్ విజయం ఖాయమన్న సర్వేలను వెక్కిరిస్తూ 90 స్థానాల్లో బీజేపీ 48 గెలుచుకుంది. అంటే ఈ జబ్బు ఒక పార్టీ సొంతం కాదు.

ఆంధ్రప్రదేశ్ అనుభవం ఇంకా స్పష్టమైనది. 2019లో తెలుగుదేశం శ్రేణులు చివరి క్షణం దాకా గెలుపు ధీమాతో ఉంటే, 175 స్థానాల్లో ఆ పార్టీకి దక్కినవి 23. వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151. అయిదేళ్లకు అదే వైఎస్సార్ కాంగ్రెస్ 'వై నాట్ 175' అన్న నినాదంతో ఎన్నికలకు వెళ్లి 11 స్థానాలకు పరిమితమైంది. నినాదం పార్టీ హక్కు. కార్యకర్తలో ఉత్సాహం నింపడానికి ఏ నాయకుడైనా అలాగే మాట్లాడతాడు. కానీ ఆ నినాదాన్ని అంకెలుగా మార్చి, నియోజకవర్గాల వారీ విశ్లేషణగా చర్చల్లో వడ్డించినప్పుడు, ఆశ అంచనా వేషం కట్టినట్టే. రెండు శిబిరాల్లోనూ ఈ వేషధారులకు కొదవ లేదు.

దీనికి తిరగబడిన రూపం మరింత ప్రమాదకరం. గెలిచినవాడే మంచివాడు, ఓడినవాడి మాటకు విలువ లేదు అన్న తీర్పు అది. ఫలితాలు వెలువడిన మర్నాడే, విజేత విధానాలన్నింటిలోనూ దూరదృష్టి కనిపించడం మొదలవుతుంది. ఓడినవారు లేవనెత్తిన భూమి సమస్య, ఉపాధి సమస్య, సమాఖ్య హక్కుల సమస్య ఓటుతో పాటే కొట్టుకుపోయినట్టు మాట్లాడతారు. ఎన్నికలు ఎవరు పాలించాలో నిర్ణయిస్తాయి. ఏది న్యాయమో నిర్ణయించే పని వాటికి అప్పగించలేదు. ప్రజాస్వామ్యంలో ప్రతిపక్షం ఉండడానికి కారణమే అది.

అంచనా వెనుక డబ్బు చేరితే ఈ గందరగోళం వ్యాపారమవుతుంది. 2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు క్రీడా పందేలపై కేంద్ర నిషేధాన్ని కొట్టివేసింది. నేడు 30కి పైగా రాష్ట్రాల్లో అవి చట్టబద్ధం. అభిమాని సరదా జోస్యం పందెం కంపెనీల సరుకుగా మారింది. తెలుగు రాష్ట్రాలు ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశవ్యాప్త చట్టం చేసింది. అయితే ఎన్నికల వేళ ఊరూరా చేతులు మారే పందేలకు ఏ యాప్ అక్కర లేదు. ఏదో ఒక సర్వే, ఎవరో ఒక విశ్లేషకుడి ధీమా చాలు. ఆ ధీమాను నమ్మి ఎకరం పొలం పందెంలో ఒడ్డిన రైతుకు, ఫలితం తారుమారైన నాడు ఆ విశ్లేషకుడు ఏ జవాబూ చెప్పడు.

జవాబు చెప్పినవారు అరుదు. 2018 తెలంగాణ ఎన్నికల్లో మహాకూటమిదే పైచేయి అన్న లగడపాటి రాజగోపాల్ అంచనా, టీఆర్‌ఎస్ 88 స్థానాలు గెలవడంతో తలకిందులైంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌పై అంచనా కూడా తప్పింది. ఆ తర్వాత ఆయన సర్వేలకు దూరంగా ఉంటానని ప్రకటించారు. ఆయన పద్ధతులపై ఎన్ని విమర్శలున్నా, తప్పింది అని చెప్పి పక్కకు తప్పుకోవడం గుర్తుంచుకోదగినది. 2024 జూన్ 4న ఒక సర్వే సంస్థ అధిపతి టీవీ తెరపైనే కంటతడి పెట్టారు. కన్నీటికన్నా ప్రజలకు కావలసింది లెక్క. ఎంతమందిని అడిగారు, ఎవరు జవాబివ్వడానికి భయపడ్డారు, ఏ వర్గం మాట నమూనాలో చేరలేదు అన్న వివరం కావాలి.

భయపడినవారి మౌనమే ఇక్కడ అసలు ప్రశ్న. పాలక పార్టీ కార్యకర్త పక్కనే ఉండగా ఎవరికి ఓటేశావని అడిగితే దళితవాడలోని కూలీ ఏం చెబుతాడు? పింఛను ఆగిపోతుందేమోనన్న బెంగతో ముసలమ్మ ఏ గుర్తు పేరు చెబుతుంది? ఫుట్‌బాల్ ఆటగాడి ప్రదర్శన అందరి కళ్ల ముందే ఉంటుంది. ఓటరు మనసు అలా ఉండదు. అది రహస్యంగా ఉండాలన్నదే రాజ్యాంగ వ్యవస్థ ఆశయం. కాబట్టి ఎన్నికల అంచనా ఆట అంచనాకన్నా వినయంగా ఉండాలి. వాస్తవంలో జరుగుతున్నది దీనికి పూర్తి విరుద్ధం.

వ్యాఖ్యాతకు పక్షం ఉండకూడదని కాదు. పక్షం లేని వ్యాఖ్యాత, ఇష్టమైన పాట లేని శ్రోత లాంటివాడు. ఫలానా పార్టీ గెలవాలని కోరుకోవచ్చు, ఆ కోరికకు కారణాలు బహిరంగంగా రాయవచ్చు. ఆ పార్టీ ఓడిపోయేలా ఉందని తెలిసినప్పుడు ఆ మాట కూడా అదే కలంతో రాయగలగాలి. ఓడిపోయాక, తాను నమ్మిన కారణాలు ఇంకా నిజమైతే వాటిని వదులుకోకూడదు. తన అంచనా తప్పితే తేదీతో సహా ఒప్పుకోవాలి.

డెట్రాయిట్ ఓడిన రాత్రి మొదటి పుటలో గీత కొట్టుకున్న అభిమాని, రెండో పుటలో ఒక్క అక్షరం మార్చలేదు. ఆ జట్టును ప్రేమించడం కూడా మానలేదు. వచ్చే జనవరికి మళ్లీ కొత్త పుట తెరిచి, పాత తప్పులను పక్కన పెట్టుకుని లెక్క మొదలుపెడతాడు. పందొమ్మిది వందల కోట్లు కాదు, పందొమ్మిది రూపాయలు కూడా చేతులు మారని ఆ ఆటలో పాటించే నిజాయితీ, నూట నలభై కోట్లమంది భవితవ్యంపై రాసేవారికి భారమెందుకు కావాలి?