తాడు విసరడం నేర్పండి



రక్షణ పనిని అగ్నిమాపక దళానికే వదిలేయాలని, పల్లె కుర్రాళ్లను నీళ్ల దగ్గరికి పంపకూడదని గత సంచికలో ఒక పాఠకుడు రాశారు. ఆయన భయం నాకూ ఉంది. కానీ మనం పంపకపోయినా వాళ్లు వెళతారు. పిల్లవాడు కృషి హొండలో, అంటే పొలంలో తవ్విన నీటిగుంటలో, పడ్డాడన్న కేక వినగానే దూకేది పక్క పొలంలోవాళ్లే. ప్లాస్టిక్ పరిచిన ఆ గట్టు మీద కాలు నిలవదు, కాపాడబోయినవాడూ పైకి రాలేడు.

2021 నవంబరులో మన జిల్లా కొండల్లో పుట్టిన చిత్రావతి నది అప్పటి అనంతపురం జిల్లా వెల్దుర్తి దగ్గర పొంగింది. కారులో చిక్కుకున్నవారి కోసం జేసీబీతో వెళ్లినవాళ్లు కూడా నడినీళ్లలో ఇరుక్కున్నారు. చివరికి వాయుసేన హెలికాప్టరు పదిమందినీ ఒడ్డుకు చేర్చింది. ఆ సాహసానికి దండం పెడతాను, కానీ సాహసం ఒక్కటే చాలదు.

జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన 'ఆపద మిత్ర' పథకంలో వాలంటీర్లకు 12 రోజుల శిక్షణ ఇచ్చారు. నీటి రక్షణలో మొదటి పాఠం దూకకపోవడమే. గట్టు మీంచి కర్ర అందించాలి, అందకపోతే తాడో ఖాళీ క్యానో విసరాలి. పైకి తెచ్చాక కడుపు నొక్కి నీళ్లు కక్కించకూడదు. ఊపిరి ఆడకపోతే నోటితో ఊది, ఛాతీ నొక్కాలి. ఈలోగా ఒకరు 112కు ఫోన్ చేయాలి.

ఆపద నీళ్లలోనే రాదు. మన జిల్లాలోని హిరేనాగవల్లిలో 2021 ఫిబ్రవరిలో జిలెటిన్ పేలుడు కడ్డీలు పేలి ఆరుగురు చనిపోయారు. అలాంటి చోటికి జనాన్ని రానివ్వకపోవడం కూడా నేర్పాల్సిందే.

మండికల్ పంచాయతీ ఇష్టమున్న యువతీయువకుల పేర్లు తీసుకుని, వచ్చే వానాకాలానికి ముందే ఇలాంటి శిక్షణ కోసం జిల్లాధికారికి పంపాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, మండికల్