కంప్యూటర్ కబుర్లు: రాక్షసమంత్రి ఉంగరం

విశాఖదత్తుని ముద్రారాక్షస నాటక కథ మన పాఠకులలో పెక్కుమందికి తెలిసినదే. నందవంశపు అమాత్యుడైన రాక్షసుడు పాటలీపుత్రం విడిచి వెళ్ళేటప్పుడు భార్యాబిడ్డలను రత్నాల వర్తకుడు చందనదాసు ఇంట దాచి ఉంచుతాడు. ఆయన పేరు చెక్కిన ముద్రటుంగరం భార్య వ్రేలికి చేరుతుంది. పురుషుని వ్రేలికి చేసిన ఉంగరం కాబట్టి ఆమెకు వదులు. ఒకనాడు వీధిలోకి పరుగెత్తబోయిన పసివాణ్ణి లోపలికి లాగే తొందరలో అది జారి, గడప దాటి, చాణక్యుని గూఢచారి చేతికి చిక్కుతుంది. చాణక్యుడు ఒక జాబు వ్రాయించి ఆ ఉంగరంతో ముద్ర వేయించాడు. దానిని చూసి మలయకేతువు తన పక్షాన ఉన్న రాక్షసుణ్ణే ద్రోహి అని నమ్మాడు.

ఆ ముద్రను ఎందరు పరీక్షించినా తప్పు పట్టలేకపోయేవారు. ఉంగరం నిజమైనదే గదా! వేసిన చేయి ఒక్కటే వేరు. నేటి కంప్యూటర్లలో డిజిటల్ సర్టిఫికెట్, ప్రైవేట్ కీ అనే జంటకు పొంచి ఉన్న ప్రమాదం సరిగ్గా ఈ కోవకు చెందినది. జావా భాషలో ప్రోగ్రాములు వ్రాసేవారు ఆ జంటను పదిలపరచుకొనవలసిన తీరును ఈ నెల ముచ్చటించుకొందాము. ఇంట ఇంజనీరింగు చదివే పిల్లలుంటే ఈ పుటను వారికీ చూపండి.

1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు రూపొందించిన ఆర్.ఎస్.ఏ. పద్ధతిలో రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించి ఒక మహాసంఖ్యను తయారుచేస్తారు. వాడుకలో ఉన్న 2048 బిట్ల కొలతలో దానికి 617 అంకెలుంటాయి. గుణించడం కంప్యూటరుకు క్షణం పని. లబ్ధాన్ని బట్టి మూలసంఖ్యలను తిరిగి రాబట్టడం నేటి కంప్యూటర్లకు అలవి కాని పని. కాబట్టి లబ్ధాన్ని పదుగురికీ ఇవ్వవచ్చును. అదే పబ్లిక్ కీలో ముఖ్యభాగం. మూలసంఖ్యల రహస్యం ఎవరి వద్ద ఉన్నదో వారే సంతకం చేయగలరు. అది ప్రైవేట్ కీ. ఈ పబ్లిక్ కీ ఫలానా వారిది, ఫలానా తేదీ వరకు చెల్లును అని ఒక ధ్రువీకరణ సంస్థ తన సంతకంతో ఇచ్చే పత్రమే సర్టిఫికెట్. గేటు వద్ద మనం చూపే గుర్తింపు కార్డు వంటిదనుకోండి. దానిని ఎందరు చూసినా నష్టం లేదు. ప్రైవేట్ కీని మాత్రం ఒక్కరు చూసినా అది ఇక మనది కాదు.

జావాలో ఈ రెండింటినీ కీస్టోర్ అనే ఒకే పెట్టెలో ఉంచుతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. పెట్టెలో ముఖ్యంగా రెండు రకాల అరలుంటాయి. ఒక రకంలో మన ప్రైవేట్ కీ, దానికి సంబంధించిన సర్టిఫికెట్ల గొలుసు ఉంటాయి. రెండవ రకంలో మనం నమ్మిన ఇతరుల సర్టిఫికెట్లు మాత్రమే ఉంటాయి. ప్రతి అరకు ఏలియాస్ అనే మారుపేరు ఉన్నది. 2017లో వచ్చిన జావా 9 నుంచి కొత్త పెట్టెలు పి.కె.సి.ఎస్. 12 అనే సర్వసమ్మత రూపంలో తయారవుతున్నవి. అంతకు ముందు జావాకు మాత్రమే చెల్లే జె.కె.ఎస్. రూపం ఉండేది.

పద్ధతి ప్రకారం కీ జంట మన కంప్యూటరులోనే, కీటూల్ అనే పనిముట్టుతో పుట్టవలెను. ధ్రువీకరణ సంస్థకు దరఖాస్తుతో పాటు వెళ్ళేది పబ్లిక్ కీ ఒక్కటే. ప్రైవేట్ కీ పుట్టిన చోటు విడవనక్కరలేదు. సంస్థ పంపిన సర్టిఫికెట్‌ను తిరిగి అదే మారుపేరు కింద చేర్చవలెను. ఇక్కడ కొత్తవారు మరొక పేరు పెడతారు. కీటూల్ అభ్యంతరం చెప్పదు. ఆ పత్రాన్ని రెండవ రకం అరలో పెట్టి ఊరుకుంటుంది. కొత్త సర్టిఫికెట్ పెట్టెలో కనబడుతూనే ఉంటుంది, సర్వరు మాత్రం పాతదానినే చూపుతూ ఉంటుంది. నా ఎరుకలో ఈ ఒక్క పొరపాటుకు పోయినన్ని రాత్రులు మరి దేనికీ పోలేదు. పెట్టెలోని జాబితా వేసి చూసినప్పుడు మన మారుపేరు పక్కన ప్రైవేట్‌కీఎంట్రీ అని ఉన్నదా లేదా అన్నది మొదట చూడండి.

ఇక ఉంగరం జారిన సంగతి. కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం ఉదయం, గుత్తేదారుల బిల్లుల వివరాలు చూపే మా విభాగపు సర్వరు పని చేయడం మానేసింది. శనివారం అర్ధరాత్రితో సర్టిఫికెట్ గడువు ముగిసినది. నెల రోజులుగా వచ్చిన హెచ్చరికలన్నీ పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఈ-మెయిలుకు పోయినవి. కీస్టోర్ పాస్‌వర్డు మాలో ఎవరికీ తెలియదు. ఆయనకు ఫోను చేయగా, మనుమడి బారసాల హడావిడిలో ఉండి కూడ ఓపికగా జవాబిచ్చారు: "దానికెందుకు బాబూ అంత కంగారు? కామన్ ఫోల్డరులో నోట్‌ప్యాడు ఫైలులో వ్రాసి పెట్టాను గదా. పెట్టె నకలు కూడ అక్కడే ఉన్నది."

ప్రాణం లేచి వచ్చినది. మరుక్షణం గుండె జారినది కూడ. ఆ ఫోల్డరు విభాగంలో అందరికీ అందుబాటులో ఉన్నదే. ఈ మధ్యలో ఎందరో కాంట్రాక్టు కుర్రవాళ్ళు వచ్చి వెళ్ళారు. వారిలో ఎవరినీ శంకించడం లేదు. అయినా ఉంగరం ఎవరి వ్రేలికి ఉన్నదో చెప్పలేని స్థితి. అప్పటికి రెండు మార్గాలు కనబడినవి. పాత కీకే కొత్త సర్టిఫికెట్ తెప్పించడం సులువు. కొత్త కీ తయారుచేస్తే, పాత కీని గుర్తుపెట్టుకొన్న మరి మూడు ప్రోగ్రాములను సవరించవలెను. పని త్వరగా ముగించమని అన్ని వైపుల నుంచీ ఒత్తిడి. మేము రెండవ దారి పట్టినాము, ఆదివారం రాత్రి దాకా కూర్చున్నాము. గడువు తీరిన సర్టిఫికెట్‌తో పాత కీ దాదాపు నిరుపయోగమైపోయినది. అదే కీకి కొత్త పత్రం తెచ్చి ఉంటే దానికి మా చేతులతో మేమే ప్రాణం పోసినవారమయ్యేవాళ్ళం. పెద్దాయనను తప్పు పట్టను. ఆ బాధ్యత మరొకరికి వ్రాతపూర్వకంగా అప్పగించవలెనని మాలో ఎవరికీ తోచలేదు.

ఇకపై ఈ గడువులు మరింత తరుముకొస్తాయి. పబ్లిక్ వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకు 2020 నుంచి 398 రోజుల పరిమితి ఉండేది. ధ్రువీకరణ సంస్థలు, బ్రౌజరు తయారీదారులు కలిసిన వేదిక 2025 ఏప్రిల్‌లో చేసిన తీర్మానం ప్రకారం అది 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. డైరీలో వ్రాసుకొని గుర్తుపెట్టుకొనే కాలం చెల్లినది. కీస్టోర్ తెరచి, ఒక్కొక్క సర్టిఫికెట్ తుది తేదీని అడిగి, నెలలోపు ముగిసేవాటి పేర్లు విభాగం మొత్తానికి పంపే ప్రోగ్రాము జావాలో ఒక పుటలో ఇమిడిపోతుంది. మాది ప్రతి ఉదయం నడుస్తున్నది.

పాస్‌వర్డును ప్రోగ్రాములోనే వ్రాసేవారు నేటికీ ఉన్నారు. జావాతో పాటు వచ్చే నమ్మకస్తుల పెట్టెకు పూర్వం ఏళ్ళ తరబడి ఉండిన పాస్‌వర్డు ఛేంజిట్, అనగా "దీనిని మార్చు". అందులో ఉన్నవి బహిరంగ పత్రాలే కాబట్టి రహస్యం పోయేదేమీ లేదు. అదే మాటను తమ ప్రైవేట్ కీ పెట్టెకు కూడ తగిలించి, మార్చమని చెప్పే మాటను మార్చకుండా వదిలేసేవారిని ఏమనవలెను? పాస్‌వర్డును స్ట్రింగుగా కాక అక్షరాల వరుసగా ఇమ్మని కీస్టోర్ అడగడంలో కూడ అర్థమున్నది. స్ట్రింగును తుడవలేము; వరుసను, పని కాగానే సున్నాలతో నింపి చెరిపివేయవచ్చును. ప్రోగ్రాములు దాచుకొనే గిట్‌హబ్ సంస్థ తన సొంత ఆర్.ఎస్.ఏ. ప్రైవేట్ కీ ఒకటి బహిరంగ భాండాగారంలో కొద్దిసేపు బయటపడినదని 2023 మార్చిలో ప్రకటించి, దానిని మార్చివేసినది. అంతటివారికే తప్పలేదు!

అన్నిటికంటె మేలైనది, కీని పెట్టెలో కూడ ఉంచకపోవడం. టెండర్లు చూసే అధికారులు యు.ఎస్.బి. టోకెన్ ఎరుగుదురు గదా. దానిలో పుట్టిన కీ దానిలోనే ఉంటుంది. జావా ప్రోగ్రాము సన్‌పి.కె.సి.ఎస్.11 అనే మధ్యవర్తి ద్వారా అడిగినప్పుడు టోకెన్ సంతకం చేసి ఇస్తుంది. కీలోని అంకెలు ఇమ్మంటే మాత్రం దక్కేది శూన్యం.

అంత భద్రమైన టోకెన్‌ను, పిన్ అంకెలు వ్రాసిన చీటీతో సహా, సహాయకుని సొరుగులో పెట్టి పర్యటనకు వెళ్ళేవారిని నేను చూశాను. "సారు సంతకం నా దగ్గరే ఉన్నదండీ" అని ఆ కుర్రవాడు గర్వంగా చెప్పాడు. 2000 అక్టోబరు 17 నుంచి అమలులో ఉన్న సమాచార సాంకేతిక చట్టం 42వ సెక్షను ప్రకారం ప్రైవేట్ కీ సర్టిఫికెట్ పొందినవారి అదుపులోనే ఉండవలెను. అది అన్యుల పాలైనదని ధ్రువీకరణ సంస్థకు తెలిపేవరకు బాధ్యత వారిదే. టోకెన్ పోయినా, మరొకరి చేతిలో పడినదని అనుమానం కలిగినా, ఆ రోజే ధ్రువీకరణ సంస్థకు వ్రాసి సర్టిఫికెట్ రద్దు చేయించండి. వారిచ్చిన జవాబు నకలు ఫైలులో ఉంచుకోండి.