సంగీత పరిశోధకుల జీవనము

విశ్వవిద్యాలయములలో సంగీతము నభ్యసించి, అందే పరిశోధన సాగింపగోరు యువతీయువకులకు మన నాట గౌరవమునకు కొదువ లేదు, కొదువయైనది జీవనము.

పది పదునైదేండ్లు గురుముఖమున సాధన చేసి, ఎం.ఏ. ముగించినవారు అధ్యాపక పదవికి అర్హులు కావలెనన్న 'నెట్' పరీక్షను దాటవలెను. మూడు గంటలలో 150 ప్రశ్నలు. ఒక్కొక్కదానికి ఇచ్చిన సమాధానములలో సరియైనదానిని గుర్తించుటయే పని. తోడిలో గాంధారము నెట్లు పలికించుదురో అచ్చట వినువారు లేరు. ప్రసిద్ధ గురువులకడ నభ్యసించి, ఆకాశవాణిలో ఉన్నతశ్రేణి పొందిన పట్టభద్రులకు నిబంధనలలో వేరొక ద్వారము లేకపోలేదు. కాని అర్హత వేరు, ఉద్యోగము వేరు.

నిబంధనలైనను నిలకడగా నున్నవా? విశ్వవిద్యాలయములలో సహాయాచార్య పదవికి పిహెచ్.డి. తప్పనిసరి యని 2018లో శాసించిరి. అమలును 2021 నుండి 2023కు జరిపిరి. తీరా 2023 జూలైలో ఆ నిబంధననే తొలగించిరి. దానిని నమ్మి ఏండ్లు వెచ్చించినవారి కెవరు సమాధానము చెప్పుదురు?

శాశ్వతోద్యోగముల భర్తీ జరుగనిచోట అతిథి అధ్యాపకులతో పాఠములు జరుపుచున్నారు. ఉపన్యాసమునకు రూ. 1,500, నెలకు రూ. 50,000 మించరాదని యు.జి.సి. 2019లో నిర్ణయించినది. ఇది పరిమితియే గాని హామీ కాదు. నెట్‌లో అగ్రస్థానములు పొందినవారికి నెలకు రూ. 37,000 పరిశోధక వేతనము కలదు. తక్కినవారి గతి యేమి? వేకువను తంబుర శ్రుతి చేసికొనవలసిన వేళ, అమెరికాలోని తెలుగు పిల్లలకు ఫోను తెరమీద సరళీవరుసలు చెప్పుచున్నారు. ఆ పిల్లలను మేము నిందింపము. వారే లేకున్న పలువురు పరిశోధకులకు ఇంటి అద్దె జరుగదు.

చేయవలసిన పని కొండంత యున్నది. 1922లో తిరుమలలో వెలుగు చూచిన తాళ్లపాకవారి రాగిరేకులపై రాగముల పేళ్లున్నవి, స్వరములు లేవు. సుబ్బరామదీక్షితులు 1904లో ఎట్టయపురమున తెలుగున ప్రకటించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లోని గమక చిహ్నములను గాత్రమున నిలుపగలవారు కొందరే. తంజావూరు సరస్వతీ మహలులోని తెలుగు తాళపత్రములను చదువుటకు భాష, లిపి, శాస్త్రము, గానము నాలుగును వలయును. ఆరేండ్ల గడువులో, పొట్టకూటికి పాఠములు చెప్పుకొనుచు, ఇది యెట్లు సాగును? ఒకే రాగలక్షణమును తిప్పి తిప్పి వ్రాసిన సిద్ధాంతగ్రంథములు లేవని మేము అనము. అందుకు సోమరితనము కంటె తీరికలేమియే హెచ్చు కారణమని మా నమ్మకము.

1919లో విజయనగరమున సంగీత కళాశాల వెలసినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులైరి. ముప్పదేండ్లైనను నిండని ద్వారం వెంకటస్వామినాయుడుగారు వాయులీనాచార్యులైరి. నాడు ఆ సంస్థానమునకు వినుటకు చెవులుండెను. నేడు నియామక సంఘములు అచ్చైన వ్యాసముల లెక్క జూచుచున్నవి. పరిష్కరించిన ఒక వ్రాతప్రతిని, పునరుద్ధరించి పాడిన ఒక కృతిని వ్యాసముతో సమానముగా నేల యెంచరాదు? తాళపత్రములున్న ఊళ్లకు పోవుటకు దారిఖర్చులైన నేల యీయరాదు?

ముందుగా, ఉభయ తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములు సంగీత శాఖలలో మంజూరైన పదవు లెన్ని, నిండిన వెన్ని యను పట్టికను రాబోవు విద్యాసంవత్సరమునకు మునుపే ప్రకటింపవలెనని కోరుచున్నాము.