ముందు వెలుగు.. తర్వాత చప్పుడు

ఇంటర్వ్యూలో ‘మీ హాబీలేంటి?’ అనడిగితే ఏం చెబుతారు? పాటలు వినడం, క్రికెట్ చూడటం.. అంతేగా! నేనూ రెజ్యూమెలో అదే రాశా. ఎనిమిది ఇంటర్వ్యూల్లో ఆ లైను ఎవరూ చదివినట్టు లేదు. తొమ్మిదో చోట మాత్రం ఒకాయన కాగితం పక్కన పెట్టి, ‘ఏం పాటలు వింటావ్?’ అన్నారు. బట్టీ పట్టిన జవాబుల్లో అది లేదు. దాంతో ఐదేళ్లు వెనక్కి వెళ్లాల్సొచ్చింది.

2011 అక్టోబరు 30, ఆదివారం. అప్పుడు నాది ఇంటర్ రెండో ఏడాది. ఇల్లు అనంతపురం, హాస్టల్ కర్నూలు. దీపావళికి ఇంటికొచ్చి తిరిగి బయల్దేరుతుంటే అమ్మ కజ్జికాయల డబ్బా చేతికిచ్చింది. కర్నూలు బస్సెక్కాల్సినవాణ్ని బెంగళూరు బస్సెక్కా. అక్కడ చదువుతున్న బావ నాక్కూడా టికెట్ తీసి పెట్టాడు. ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా షో! 1981లో అమెరికాలో మొదలైన ఆ బ్యాండు ముప్ఫై ఏళ్ల తర్వాత తొలిసారి మన దేశంలో వాయించబోతోంది. రెండు రోజుల ముందు గుర్గావ్‌లో జరగాల్సిన షో భద్రతా కారణాలతో రద్దయింది. ఇదీ ఆగిపోతుందేమోనని దారంతా భయమే.

ఆగలేదు. గిటార్ మోత ఛాతీలో మోగుతుందని అప్పుడే తెలిసింది. వేలమంది ఒకేసారి ఎగురుతుంటే కాళ్ల కింద నేల కదిలింది. మేం బాగా వెనక నిలబడ్డాం. వేదిక మీది మనుషులు అగ్గిపుల్లల్లా ఉన్నారు. పెద్ద తెర మీదే చూడాలి. అక్కడే ఒక సంగతి కంటపడింది. డ్రమ్స్ వాయించే లార్స్ ఉల్‌రిక్ కర్ర దెబ్బ ముందు కనిపిస్తోంది, చప్పుడు కాస్త ఆగి వస్తోంది. నాలుగు రోజుల ముందు తారాజువ్వల్లో చూసిందే. ఆకాశంలో ముందు వెలుగు, తర్వాత ఢాం! ధ్వని వేగం సెకనుకు దాదాపు 340 మీటర్లని ఎన్నిసార్లు రాశానో పరీక్షల్లో. అది నిజంగా జరుగుతుందని ఆ రాత్రి నమ్మా.

షో అయ్యాక జేబులోంచి ఫోన్ తీస్తే ఇంటి నుంచి పద్నాలుగు మిస్డ్ కాల్స్. ‘బస్సు లేటయిందమ్మా, ఇప్పుడే చేరా’ అన్నా. మర్నాటి వీక్లీ టెస్టు ఎగిరిపోయింది. నాన్న వడ్డీకి తెచ్చి కట్టిన ఫీజది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

బీటెక్‌లో ఈసీఈ తీసుకున్నా. సిగ్నల్స్ క్లాసులో సార్ బోర్డు మీద ‘ఎక్స్ ఆఫ్ ఎన్ మైనస్ కే’ అని రాశారు. అంటే సిగ్నల్‌ని కాస్త ఆలస్యం చేయడం. ఎందుకు చేయాలో ఎవరూ అడగలేదు. నేను వెతికా. పెద్ద మైదానాల్లో వెనకవాళ్ల కోసం మధ్యలో ఇంకో వరస స్పీకర్లు పెడతారు. వాటికి సిగ్నల్ తీగలో క్షణంలో చేరుతుంది. వేదిక శబ్దం మాత్రం గాల్లో నింపాదిగా వస్తుంది. రెండూ కలవకపోతే ప్రతి దెబ్బా రెండుసార్లు వినిపిస్తుంది. అందుకే ఆ స్పీకర్లను కావాలనే ఆలస్యంగా మోగిస్తారు. 68 మీటర్ల దూరమైతే 0.2 సెకన్లు. సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన 9,600 శాంపిళ్లు దాచి వదలాలి. ఆ ‘కే’ విలువ అదే!

ఇంటర్వ్యూలో ఇదే చెప్పా. ఆయన ముందుకు వంగి, ‘మరి వేసవిలో అయితే?’ అన్నారు. ‘తెలీదు సార్’ అన్నా. ఒక్క క్షణం ఆగి, ‘వేడి గాల్లో ధ్వని ఇంకా త్వరగా వెళ్తుంది కదా, ఆలస్యం తగ్గించాలేమో’ అన్నా. ఆయన నవ్వారు. నిజమే, ఒక్కో డిగ్రీకి వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది.

ఆ ఉద్యోగం నాకు రాలేదు. కోడింగ్ రౌండ్లో తేలిపోయా. ఆసక్తి ఉంటే చాలు, నైపుణ్యం అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. కానీ ఆ రోజు మొదటిసారి బట్టీ పట్టకుండా పదిహేను నిమిషాలు మాట్లాడా. ఆ ధైర్యంతోనే నాలుగు నెలలు కూర్చుని కోడింగ్ నేర్చుకున్నా. పన్నెండో ఇంటర్వ్యూలో ఆఫర్ వచ్చింది.

మొదటి జీతం అందుకున్నాక నాన్నకు బెంగళూరు సంగతి చెప్పేశా. ‘తెలుసులేరా. ఆ రాత్రి మీ వార్డెన్‌కి ఫోన్ చేశాం. నువ్వు ఫోనెత్తి అబద్ధం చెప్పాక, ఎక్కడో ఒకచోట క్షేమంగా ఉన్నావని పడుకున్నాం’ అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

క్లాసులు ఎగ్గొట్టి కచేరీలకు వెళ్లమని కాదు ఇదంతా. మీ జీవితంలోనూ ఒక రాత్రి ఉంటుంది. అది జాతర కావచ్చు, పొలంలో మోటారు ఆగిపోయిన రాత్రి కావచ్చు, స్టేడియంలో చూసిన మ్యాచ్ కావచ్చు. అక్కడ ‘ఇదెలా జరుగుతోంది?’ అని ఒక్కసారైనా అనిపించి ఉంటుంది. ఈ వారం దాన్ని బయటికి తీయండి. మీ సిలబస్‌లో ఏ పాఠానికి తగులుతుందో చూడండి. లెక్క తేలేదాకా వదలకండి. ‘పాటలు వినడం’ అన్న లైను తీసేసి, ఆ ప్రశ్న రాయండి. ఎవరైనా అడిగితే చెప్పడానికి మీదంటూ ఒక జవాబు ఉంటుంది.

ఎక్కడికి వెళ్లినా, ఇంట్లో చెప్పి వెళ్లండి.