పడవ టికెట్టులోనూ బీమా కలపాలి
2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. వరంగల్ శివారు కడిపికొండ నుంచి కలిసి వెళ్లిన 14 మందిలో ఐదుగురే ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తర్వాత 2022లో విశాఖ నుంచి విహార నౌక కూడా నడిచింది. జలవిహారంపై మోజు తగ్గలేదు కానీ, బోటు టికెట్టు బేరంలో బీమా ఊసే వినపడదు. ఆన్‌లైన్‌లో రైలు రిజర్వేషన్ చేసుకుంటే, కోరినవారికి 45 పైసలకే 10 లక్షల రూపాయల ప్రమాద బీమా దొరుకుతోంది. మరి పడవకేం తక్కువ?

ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ఇస్తుందిగా అంటారు. అది దయ, బీమా హక్కు. పాలసీ ప్రాణం కాపాడదన్న మాట నిజమే. అయితే పరిహారం కట్టాల్సిన కంపెనీకి బోటు ఫిట్‌నెస్ పత్రమూ, లైఫ్ జాకెట్లూ అడిగే అవసరం ఉంటుంది. కమీషన్ మీద బతికే టికెట్ల ఏజెంటుకు (పాపం) అంత తీరిక ఉండదు. రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక శాఖలూ టికెట్టు ధరలోనే బీమా కలపాలి. అందాకా బోటెక్కే ముందు పాలసీ సంగతీ, జాకెట్ సంగతీ మీరే అడగండి.