మందు బతికించింది, మరి బలమో?

మా సత్తెనపల్లిలో మిరపకాయల తొడిమలు తీసే ఒక అక్క ఉంది. పదిహేనేళ్లుగా ఏఆర్టీ మందులు మింగుతోంది, ఒక్క పూట మానలా. "జబ్బు అదుపులోనే ఉందంట తమ్ముడూ. మెట్లెక్కితే ఆయాసం, కింద కూచుంటే లేవలేకపోతన్నా" అంది మొన్న. కాసేపు కసరత్తు చెయ్యమంటే నవ్వింది. "పొద్దస్తమానం కూలి చేసేదానికి ఇంకా కసరత్తేందయ్యా?"

న్యాయమైన ప్రశ్నే. కానీ రోజంతా ఒకేచోట కూర్చుని తొడిమలు తీస్తే నడుం పోతది, మోకాళ్లు పోతయ్. గుండెకి, తొడలకి బలం మాత్రం రాదు.

2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఏఆర్టీ మందులు ఉచితంగా ఇయ్యడం మొదలెట్టింది. అప్పట్నుంచి హెచ్ఐవీ ఉన్నోళ్లు బతికి బట్టకట్టి, పెద్దవయసుకొస్తన్నారు. సంతోషమే. వయసుతోపాటే బీపీ, షుగరు, గుండెజబ్బూ వస్తన్నయ్. నాకో 2021 అంచనాల్లో దేశంలో పెద్దోళ్లలో 0.21 శాతం మందికి హెచ్ఐవీ ఉంటే, మన ఆంధ్రలో 0.67 శాతం. మూడింతలు! మనం పట్టించుకోకపోతే ఇంకెవరు పట్టించుకుంటారు?

కెనడాలో టొరంటో యూనివర్సిటీ పరిశోధకులు ఊళ్లోని వైఎంసీఏ వ్యాయామశాలతో చేతులు కలిపారు. హెచ్ఐవీ ఉన్నోళ్లతో ఆరు నెలలపాటు వారానికి మూడుసార్లు కసరత్తు, దగ్గరుండి చూసేందుకు కోచ్‌లు. ఆరోగ్యం నిలకడగా ఉన్నోళ్లకి ఇట్టాంటి కసరత్తు ప్రమాదం కాదనీ, దమ్మూ కండబలమూ పెరుగుతయ్యనీ పరిశోధనలు చెప్తన్నయ్.

మనకేం తక్కువ? నాగార్జున యూనివర్సిటీలో వ్యాయామ విద్య కాలేజీ ఉంది. అయితే కూలి మానుకుని, గుంటూరు దాటి అక్కడికి ఎవరూ పోలేరు. ఆ పిల్లలే ఇక్కడికి రావాలి. ఏఆర్టీ డాక్టరు సరేనన్నోళ్లకి నడక, లేచి కూచోడం, ఇసక సీసాలెత్తడం నేర్పితే చాలు. పెద్ద మిషన్లెందుకు? మిర్చి కోతలప్పుడు పొద్దున్నే ఎవరూ రారు కాబట్టి సాయంత్రమే పెట్టాలి. మగపిల్లలు క్రికెట్టాడే గ్రౌండుకి ఆడోళ్లు రారు, బడి ఆవరణ ఇవ్వాలి.

అన్నిటికంటే ముఖ్యం, "హెచ్ఐవీ తరగతి" అని బోర్డు పెట్టకూడదు. పెడితే ఒక్కరూ గడప తొక్కరు. ఎవరి జబ్బూ వాళ్ల ఒప్పుదల లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం చెప్తోంది. షుగరోళ్లూ, మోకాళ్లనొప్పులోళ్లూ, వీళ్లూ కలిసి చేస్తే ఎవరిదేందో ఎవరికి తెలుస్తది?

ఆ అక్క అడిగింది బతుకు కాదు, అది మందు ఇచ్చింది. కూచున్నచోటి నుంచి ఒకరి చెయ్యి పట్టుకోకుండా లేవాలనుకుంటోంది. అదీ ఎక్కువేనా?