ఆంగ్లం చెవికెక్కాలంటే తెలుగు పీరియడు నిలవాలి

"తెలుగు పంతులుకు ఆంగ్లంతో ఏమి పని?" అని కొందరు అడుగుతారు. పని ఉన్నది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో బిడ్డను తెలుగు బడి మాన్పించే తల్లిదండ్రులు చెప్పే కారణం తరచు ఒక్కటే: ఆంగ్లం రావాలి. ఏ ఆంగ్లం కోసమని మన తెలుగును పక్కకు నెడుతున్నారో, ఆ ఆంగ్లమైనా వస్తున్నదా అని విచారించే హక్కు తెలుగు ఉపాధ్యాయునికి లేకపోతే మరెవరికి ఉన్నది?

ఫలితమెట్లున్నదో చూడండి. బాగలూరు, శూలగిరి, తళి, వేపనపల్లి వంటి చోట్లనుండి ఆంగ్ల మాధ్యమంలో పన్నెండేండ్లు చదివిన పిల్లవాడు కళాశాలకు పోతాడు. పుస్తకం చదవగలడు, జవాబు వ్రాయగలడు, అధ్యాపకుడు ధారగా మాట్లాడితే మాత్రం అందుకోలేడు. సిప్‌కాట్‌లోని ఏదో ఒక కర్మాగారానికి ఇంటర్వ్యూకు పోతాడు. మొదటి ప్రశ్నకు కంఠస్థం చేసిన సమాధానం ఒప్పజెబుతాడు. రెండవ ప్రశ్న అర్థం కాదు, మరొకసారి అడగండి అనడానికి మొగమాటం. వాడికి రానిది ఆంగ్లం కాదు, ఆంగ్లం వినడం.

శ్రవణం, భాషణం, పఠనం, లేఖనం అని శిక్షణ పాఠశాలలో మనమందరమూ వరుసగా వల్లించినవాళ్ళమే. ఆ వరుసలో శ్రవణం మొదటిది. తరగతిలో దానికి దక్కుతున్నది చివరి స్థానం కూడా కాదు. కారణం దాపరికమేమీ లేదు. పదవ తరగతి ప్రభుత్వ పరీక్షలో ఆంగ్లానికి 100 మార్కులు, నూరూ వ్రాతకే. పాఠ్యపుస్తకంలో వినికిడి అభ్యాసాలు ఉన్నా, మార్కు లేని పని కనుక పుట తిప్పేస్తాము.

అట్లని పరీక్ష పెడితే సరిపోతుందా? 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టోఫెల్ నిర్వహించే అమెరికా సంస్థతో ఒప్పందం చేసుకొని, 3వ తరగతి నుండే బడిపిల్లలకు వినికిడితో కూడిన ఆంగ్ల పరీక్ష ప్రవేశపెట్టింది. 2024లో ప్రభుత్వం మారిన తరువాత అది ఆగిపోయింది. పరీక్షలు ప్రభుత్వాలతో వస్తాయి, ప్రభుత్వాలతో పోతాయి. రోజుకు పది నిమిషాలు వినిపించే అలవాటు ఉపాధ్యాయుని చేతిలో ఉన్నది.

"అన్ని పాఠాలూ ఆంగ్లంలోనే జరిగితే వినికిడి దానంతట అదే వస్తుంది కదా" అనేవారికి నా సమాధానమిది. తమిళనాడు ప్రభుత్వ బడులలో 2012-13 నుండి ఆంగ్ల మాధ్యమ తరగతులు విరివిగా తెరిచారు. వెళ్ళి వరండాలో నిలబడి వినండి. ఉపాధ్యాయుడు పుస్తకంలోని ఒక వాక్యం చదువుతాడు, వెంటనే తమిళంలోనో తెలుగులోనో అర్థం చెబుతాడు. పిల్లవాడు అర్థం కోసమే చెవి పెడతాడు, ఆంగ్ల వాక్యం వచ్చినప్పుడు చెవి మూసుకుంటాడు. ఇక సెల్‌ఫోనులో ఆంగ్ల బొమ్మల కథలు చూస్తున్నాడు కదా అంటారా? అక్కడ అర్థమయ్యేది బొమ్మ. తెర మూసి, ఇప్పుడేమన్నారో చెప్పమని అడిగి చూడండి.

మన పిల్లల చెవికి ఆంగ్లం ఎందుకు అందదో తెలుగు వ్యాకరణం తెలిసినవారు తేలికగా చెప్పగలరు.

మొదటిది సంధి. "వాడు ఎక్కడ" అని ఎవరూ విడదీసి పలుకరు, "వాడెక్కడ" అంటారు. ఆంగ్లేయుడూ అంతే. "పిక్ ఇట్ అప్" అని పుస్తకంలో మూడు మాటలు, నోట "పికిటప్" అనే ఒకే మాట. మూడూ తెలిసిన పిల్లవాడు ఆ ఒక్కటి విని కొత్త మాటేమో అనుకుంటాడు. ఉత్వసంధి చెప్పే రోజున ఈ ఉదాహరణ కూడా పక్కన వ్రాసి చూపండి, ఎంత త్వరగా పట్టుకుంటారో మీకే తెలుస్తుంది.

రెండవది మాట చివర. తెలుగు అజంత భాష. బస్సు, రోడ్డు, పెన్ను అని ప్రతి మాటకూ అచ్చు తగిలించుకుంటాము. ఆంగ్లంలో కాలమూ వచనమూ తరచు చివరి హల్లులోనే ఉంటాయి. "వాక్" వర్తమానం, "వాక్ట్" భూతకాలం. అచ్చు కోసం ఎదురుచూసే మన చెవికి ఆ చివరి హల్లు జారిపోతుంది, దానితో అర్థమూ జారిపోతుంది.

మూడవది ఊనిక. మనకు లఘువైనా గురువైనా ప్రతి అక్షరమూ వినబడవలసిందే. ఆంగ్లంలో ఒక అక్షరం మీద బలం పడితే పక్కవి అణగిపోతాయి. "వెజిటబుల్" అన్నది "వెజ్టబుల్" గానే వినవస్తుంది.

మన బలం కూడా చెప్పుకోవాలి. తెలుగు లిపిలో ప వేరు, బ వేరు, క వేరు, గ వేరు, హ్రస్వం వేరు, దీర్ఘం వేరు. "పిన్, బిన్", "షిప్, షీప్" భేదాలు వినడానికి కావలసిన శిక్షణలో సగం తెలుగు అక్షరాభ్యాసంలోనే జరిగిపోతుంది. తమిళ లిపిలో ప, బ లకు ఒకే అక్షరం. ఇది తమిళాన్ని తక్కువ చేయడం కాదు, ప్రతి భాషకూ దాని దారి ఉన్నది. చేతిలో ఉన్న సాధనాన్ని పారవేయవద్దనే నా మాట.

ఈ పని ఎట్లా చేయాలో తెలుసుకోవడానికి దూరదేశం పోనక్కరలేదు. హోసూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో దక్షిణ భారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థ 1963 నుండి ఉన్నది. అదే నగరం పేరుతో "బెంగళూరు ప్రణాళిక" అని ప్రపంచమంతా చెప్పుకునే ప్రయోగాన్ని ఎన్.ఎస్. ప్రభు 1979 నుండి 1984 వరకు బెంగళూరు, మద్రాసు మొదలైన చోట్ల సామాన్యమైన బడులలో నడిపారు. అక్కడ వ్యాకరణ పాఠం లేదు, వల్లె వేయించడం లేదు. ఒక పటమో, రైళ్ళ వేళల పట్టికో ముందుంచి, ఉపాధ్యాయుడు ఆంగ్లంలో మాట్లాడుతూ ఒక చిక్కు విప్పమనేవాడు. పిల్లలు విని ఆలోచించి, ఒక్క మాటతో జవాబిచ్చినా చాలు. మాతృభాషను నిషేధించలేదు. ఆ ప్రయోగానికి భాషా ప్రయోగశాల కాదు, నల్లబల్ల చాలింది.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఇది.

1. వినిపించడానికి ముందే, దేనికోసం వినాలో తెలుగులో ఒక ప్రశ్న వేయండి. పుస్తకాలు మూయించండి.
2. చిన్న భాగాన్ని మామూలు వేగంతో రెండు మార్లు చదవండి. మొదట సారాంశం, తరువాత వివరం. నడుమ అర్థం చెప్పవద్దు.
3. హోసూరు బస్టాండు నుండి చంద్రచూడేశ్వరస్వామి కొండకు దారి ఆంగ్లంలో చెప్పండి, పిల్లలు విని పటం గీయాలి. తప్పెక్కడ విన్నారో గీతే చూపుతుంది.
4. నాలుగు వాక్యాలు వినిపించి, గుర్తున్న మాటలతో గుంపులుగా తిరిగి కూర్చమనండి.
5. ఆకాశవాణి తెలుగు వార్తలు విన్న తరువాత అదే నాటి ఆంగ్ల వార్తలు వినమనండి. విషయం ముందే తెలిస్తే చెవికి సగం బరువు తగ్గుతుంది.

వారానికొక గంట కంటే రోజుకు పది నిమిషాలు మేలు.

తల్లిదండ్రులారా, మీకు మరొక మాట. 2006 నాటి చట్టం ప్రకారం తమిళం ఒకటవ తరగతి నుండి ఏటికొక తరగతి చొప్పున తప్పనిసరి మొదటి భాషగా పైకి వచ్చి, 2016 పరీక్షల నాటికి పదవ తరగతిని చేరింది. మినహాయింపుల కోసం అల్పసంఖ్యాక భాషలవారు న్యాయస్థానాలు ఎక్కవలసి వచ్చింది, 2023లో సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. రాష్ట్ర భాషను మన పిల్లలు నేర్చుకోవలసిందే, అందులో వాదు లేదు. అయితే ఆ ఒత్తిడిలో తెలుగు పీరియడును "ఉన్నా లేకున్నా ఒకటే" అని వదులుకుంటున్నది చట్టం ఒక్కటే కాదు, మనమూ వదులుకుంటున్నాము. కథ విని తిరిగి చెప్పడం, పద్యం విని తప్పు పట్టడం, మాటను విడదీసి కలపడం పిల్లవాడు నేర్చేది ఆ పీరియడులోనే. సొంత భాషలో వినడం నేర్వని చెవికి పరభాష నేర్పడం ఎంత కష్టమో ఏ ఆంగ్ల ఉపాధ్యాయుని అడిగినా చెబుతాడు.

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో బడివారిని రెండు ప్రశ్నలు అడగండి: మా బిడ్డకు వారానికి ఎన్ని తెలుగు పీరియడులు? ఆంగ్లం వినిపించేది ఎన్ని నిమిషాలు? జవాబు అంకెలలో రావాలి. రానప్పుడు మళ్ళీ అడగండి.